నాయన మీద ఫిర్యాదు

మా నాయన దేవుణ్ని ఏదైనా మంచి అడిగితే, అది జరిగేదాకా ఆగేవాడు కాదు. ముందే కృతజ్ఞత చెప్పేసేవాడు. అడిగి ఎదురుచూస్తూ కూర్చోవడం అపనమ్మకం అని ఆయన పట్టు. ఆత్మకూరు హైస్కూలుకు బదిలీ కోరుకున్న ఏడు, ఆర్డరు చేతికి రాకముందే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టి, వచ్చినవాళ్లందరికీ భోజనాలు వడ్డించి, సామాను సర్దడం మొదలుపెట్టాడు. అమ్మకు కడుపులో గడ్డ తీయాల్సిన ముందురోజు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, ఆమె అప్పటికే లేచి తిరుగుతున్నట్టు స్తోత్రాలు చెప్పాడు. రెండూ ఆయన అన్నట్టే జరిగాయి. మాస్టారు ముందే స్తుతించాడంటే ఆ పని అయిపోయినట్టే అని సంఘంలో పేరు పడింది. నేనూ అది గొప్పగానే చెప్పుకునేదాన్ని, నా వంతు వచ్చేదాకా.

తొంభైల నడిమి సంవత్సరాలవి. నెల్లూరులో లా పూర్తిచేసి, ఎక్కడో దూరాన ఉన్న విశ్వవిద్యాలయంలో ఎల్.ఎల్.ఎం.లో చేరాను. తీసుకున్న విషయం అంతర్జాతీయ ఆర్థిక న్యాయం. దేశాలు ఒకదానితో ఒకటి చేసే వ్యాపారానికి నియమాలేమిటి, ఎవరైనా తప్పితే ఎవరు అడగాలి, ఎక్కడ అడగాలి అన్నదే ఆ చదువు. దేశాలన్నీ కూర్చుని వాణిజ్యానికి కొత్త ఒప్పందాలు రాసుకున్న రోజులు. పేపర్లలో రోజూ అదే గోల. ఆత్మకూరులో మా వీధికి మాత్రం లా అంటే నల్లకోటు, నల్లకోటంటే మా ఊరి కోర్టు. నేనేం చదువుతున్నానో చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టింది. "పక్కింటోళ్ల గోడ తగాదా తీర్చలేదంట గానీ, దేశాల తగాదాలు తీరుస్తాదంట" అని అమ్మ వచ్చినవాళ్ల ముందు నన్ను ఆటపట్టించేది. నవ్వేదాన్ని. కానీ ఆ చదువంటే నాకు లోలోపల ఎంత గర్వమో చెప్పలేను.

ఆ గర్వం అక్కడికి వెళ్లిన కొద్దిరోజులకే దిగిపోయింది. నెల్లూరులో నేను ముందు బెంచీ. అక్కడ వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. తోటివాళ్లు తీర్పుల గురించి ఇంట్లో మాటల్లా మాట్లాడుకునేవాళ్లు. నా ఇంగ్లీషు మాత్రం పల్లెవెలుగు బస్సులాగా చెయ్యెత్తిన చోటల్లా ఆగేది. ఒక దేశం తన గడ్డమీద అమ్ముకునే ధరకన్నా తక్కువకు పరాయి దేశంలో సరుకు గుమ్మరిస్తే ఆ దేశం ఏం చెయ్యొచ్చు అని ఒకరోజు ప్రొఫెసరు నన్ను లేపి అడిగాడు. జవాబు నాకు తెలుసు. తెలుగులో తెలుసు. దాన్ని ఇంగ్లీషులో కూర్చుకునేలోపు ముందు వరసలో అమ్మాయి చెప్పేసింది. ఆయన నన్ను కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. కాసేపు నిలబడే ఉండి, ఎవరూ చూడకుండా మెల్లగా కూర్చున్నాను. ఆ ఏడంతా నాకు అదే పని, నిలబడటం, ఎవరూ చూడకుండా కూర్చోవడం.

మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఎండాకాలం ఇంటికొచ్చాను. నాయన సైకిలేసుకుని బస్టాండుకు వచ్చాడు. పెట్టె వెనక కట్టుకుని నడిపిస్తూ అడిగాడు.

"ఎట్ల రాసినావు పాపా?"

"రాసినాను నాయనా. ఒక పేపరు మాత్రం అనుమానంగా ఉండాది."

"అనుమానం అనే మాట మనింట్లో వొద్దు. రాసినావు గదా. దేవుడు చూసుకుంటాడు."

ఏ పేపరని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. దేశాల మధ్య తగాదాలను ఎలా తీర్చాలి అన్న పేపరు. ఒక పెద్ద ప్రశ్నకు జవాబు సగంలోనే వదిలేసి వచ్చాను. ఆ సంగతి పైకి అనలేక, ఆయన వెనక నడిచి ఇల్లు చేరాను.

మా కాపురం ఆత్మకూరైనా, సంఘంలో సభ్యత్వం ఉదయగిరిలోనే. తాత బాప్తిస్మం తీసుకున్న చర్చి అది. అవ్వ ఆ ఊళ్లోనే ఉండేది. నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల తీసుకునే ఆరాధన. దానికి శనివారమే బస్సెక్కి ఉదయగిరి చేరి, అవ్వ ఇంట్లో పడుకునేవాళ్లం. నాయన అక్కడ సంఘ పెద్ద. పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం కోసం ప్రార్థన చేశాక, ద్రాక్షారసం గ్లాసుల పళ్లెం ఆడవాళ్ల వైపు పంచిపెట్టేది ఆయనే. చిన్న చిన్న గ్లాసులు, చెక్కపళ్లెంలో గుంటల్లో నిలబెట్టి ఉంటాయి. ఆయన చేతిలో ఒక్క చుక్క తొణకదని ముసలమ్మలు మెచ్చుకునేవాళ్లు.

ఆ వేసవిలో ఒక ఆదివారం, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నాయన లేచాడు. నేను చాపమీద ఆడవాళ్ల మధ్య ఉన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా పాప పెద్ద చదువులో మొదటి సంవత్సరం అన్ని పేపర్లూ పాసయింది. దేశదేశాల చట్టం చదివే బిడ్డను ఈ సంఘంలోనించి దేవుడు లేపినాడు. దేవునికి స్తోత్రం."

స్తోత్రం అని చర్చి మొత్తం పలికింది. అయ్యగారు నన్ను ముందుకు పిలిచి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. స్త్రీల సమాజం వాళ్లు రంగు కాగితపు పూలదండ వేశారు. ఫలితాలింకా రాలేదని ఆ జనం ముందు ఎలా చెప్పను? నాయన మొహం చూశాను. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఎలా ఆపను? దండ మెడకు గీరుకుంటుంటే తలొంచుకుని నిలబడ్డాను. నా వినయం చూసి కూడా మెచ్చుకున్నారు. తర్వాత అవ్వ ఇంటి ముందు పందిరి కింద వేటమాంసంతో భోజనాలు. చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను లాయరమ్మా అని పిలిచారు.

బళ్లు మళ్లీ తెరిచాక కబురు ఫోనులో వచ్చింది. ఆత్మకూరులో మా ఇంటి పక్కన హోల్‌సేలు కిరాణా అంగడి. మా వీధిలో ఫోను వాళ్లకే ఉండేది, ఎవరికి ఫోనొచ్చినా విసుక్కోకుండా పిలిచేవాళ్లు. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి చేసింది. లైను గరగరమంటోంది. నాకు సరిగ్గా వినబడటం లేదని అంగడి సేటు చేత్తో సైగచేసి గిరాకీనంతా మాటలు మాన్పించాడు. పాపం ఆయన మంచికే చేశాడు. అంగడంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నేను గట్టిగా, "ఏ పేపరు? ఏ పేపరు పోయింది?" అని అరిచాను. ఫోను పెట్టి వెనక్కి తిరిగితే అందరూ బస్తాల వైపు చూస్తున్నారు.

అమ్మ వంటింట్లోంచే విని, "పోతే మళ్లీ రాస్తావు. పొయ్యి మీద కూర చూడు, మాడతా ఉండాది" అంది. నాయన బడి నుంచి వచ్చి సైకిలు గోడకు ఆనించేలోపే చెప్పేశాను. ఆయన ఏ పేపరని అడిగాడు. చెప్పాను. తిట్టలేదు, ఓదార్చలేదు. తువ్వాలు తీసుకుని పెరట్లోకి వెళ్లి చాలాసేపు స్నానం చేశాడు. ఆ నీళ్ల చప్పుడు వింటూ, నాలుగు తిట్టినా బాగుండును అనుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఉదయగిరిలో జరిగింది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. పెద్దలందరూ ముందు బెంచీలో కూర్చున్నారు. నాయన అక్కడ లేడు. వెతికితే చివరి వరసలో, ఇంకా బాప్తిస్మం తీసుకోని పిల్లకాయల పక్కన కనిపించాడు. సంఘ పెద్దల్లో ఇంకొకాయన పళ్లెం పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాడు. నాయన రెండు చేతులతో అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాడు.

మా సంఘంలో దానికి ఒకటే అర్థం. పెద్ద తప్పు చేసినవాణ్ని బల్లకు దూరంగా ఉంచుతారు. ఇంకొకదాన్ని ఉంచుకున్నవాణ్ని, తాగి వీధిలో పడినవాణ్ని, అన్నదమ్ముణ్ని కొట్టినవాణ్ని అలా ఉంచడం చూశాను. నాయనను ఎవరూ ఉంచలేదు. తనంతట తనే వెళ్లి అక్కడ కూర్చున్నాడు. నా చేతిలో గ్లాసు ఉంది. తాగకపోతే నన్ను కూడా చూస్తారని తాగాను. 

మధ్యాహ్నం అవ్వ ఆయన్ను నిలదీసింది.

"ఏంరా, ఏం పాపం చేసినావని పోయి ఆడ కూచున్నావు?"

"అబద్ధం చెప్పినానమ్మా."

"ఎవురితో?"

"సంఘంతో. జరగనిదాన్ని జరిగినాదని దేవుని ముందర చెప్పినాను."

"పిల్ల పరీక్ష పోతే అది నీ అబద్ధమెట్ల అయితాదిరా? ఏందీ చోద్యం."

సాయంత్రం అయ్యగారు వచ్చారు. మా అయ్యగారు నెమ్మదైన మనిషి. నాయన చెప్పింది విని, అది అబద్ధం కాదు మాస్టారూ, విశ్వాసం అన్నారు. విశ్వాసమైతే నెరవేరేది గదయ్యా అన్నాడు నాయన. సంఘం మీకు శిక్ష వెయ్యలేదు గదా అన్నారు అయ్యగారు.

"వెయ్యలేదు గనకనే నేను వేసుకున్నాను. పాప ఆ పేపరు పాసైన దినాన నా మాట నిజమవుతాది. ఆ దినం బల్ల తీసుకుంటాను."

"ఎందుకు దూరంగా ఉన్నారో సంఘానికైనా చెప్పండి. లేకపోతే తలా ఒకటి అనుకుంటారు."

"అనుకోనీండయ్యా. నేను చెప్తే పాప ఫెయిలయినాదని ఉదయగిరంతా తెలుస్తాది. మెడలో దండేసినారు బిడ్డకి."

అయ్యగారు నా వైపు చూశారు. నేను చెప్తాను నాయనా, వచ్చే ఆదివారం నేనే లేచి చెప్తాను అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నేనన్న మాట. నేనే మోస్తాను. నువ్వు చదువుకో." ఆ మాట వినగానే నాకు ఏడుపు రావాలి. దానికన్నా ముందు, హమ్మయ్య, నేను చెప్పనక్కర్లేదు అనిపించింది. అలా అనిపించినందుకు ఆ క్షణమే నా మీద నాకు అసహ్యం వేసింది.

అయ్యగారు అన్నట్టే అయింది. చందా పెట్టెలో ఏదో తేడా వచ్చిందని ఒకరు, మాస్టారు చాటుగా తాగుతున్నాడని ఒకరు. దుత్తలూరు నుంచి చర్చికి వచ్చే మా దూరపు బంధువు ఒకామె అమ్మను పక్కకు తీసుకుపోయి, మీ ఆయనకు వేరే సంబంధమేమైనా ఉందా అని మొహంమీదే అడిగింది. అమ్మ ఆమెకు ఏం జవాబిచ్చిందో నాకు చెప్పలేదు గానీ, ఆమె ఆ తర్వాత మాతో మాట్లాడటం మానేసింది. అదే జనం నన్ను చూస్తే లాయరమ్మా అని పలకరించేవాళ్లు. నాయన ఏ తప్పూ చెయ్యకుండా దోషిగా తిరుగుతున్నాడు. నేను ఫెయిలై కూడా దండ వేయించుకున్న మనిషిగా తిరుగుతున్నాను. ఆత్మకూరులో కిరాణా అంగడికి వచ్చేపోయేవాళ్లందరికీ నిజం తెలుసు. ఉదయగిరి చర్చిలో ఒక్కరికీ తెలియదు. శనివారం బస్సు దుత్తలూరు దాటి కొండ కనబడటం మొదలుపెడితే నాకు చెమటలు పట్టేవి.

సెలవులయ్యాక మళ్లీ చదువుకు వెళ్లాను. తప్పిన పేపరు చలికాలంలో రాయాలి. పుస్తకం తెరిస్తే అక్షరాలకన్నా ముందు చివరి వరసలో నాయన కనబడేవాడు. నేనొక ప్రశ్న తప్పు రాస్తే ఆయనకు బల్ల లేదు. ఒక ఆడపిల్ల రాసే పరీక్షకూ, ఒక మనిషికీ దేవుడికీ మధ్య ఉండేదానికీ ఎవరు ముడిపెట్టమన్నారు? నాకు కోపం వచ్చేది. చాలా కోపం. నా కోసం మోస్తున్నానంటూ నా నెత్తినే పెట్టాడు ఆ బరువు. ఫెయిలైన నొప్పి కూడా నన్ను పడనివ్వకుండా ఆయనే పడుతున్నాడు. ఇంత కోపం తెచ్చుకున్నాక, నాకోసం నిందలు పడుతున్న మనిషి మీద కోపమా అని సిగ్గుపడేదాన్ని. కోపం, సిగ్గు, మళ్లీ కోపం. చదువు మాత్రం సాగేది కాదు.

ఒకరోజు లైబ్రరీలో ఆ తగాదాల పాఠమే చదువుతున్నాను. ఒక దేశం ఎంత తప్పు చేసినా సరే, దాని వల్ల దెబ్బతిన్న ఇంకో దేశం ఫిర్యాదు చేస్తేనే విచారణ. ఫిర్యాదు లేకపోతే విచారించేవాళ్లు కూర్చోరు, తీర్పు రాదు, తప్పు తప్పుగానే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తన మీద తనే ఫిర్యాదు చేసుకునే దారి ఎవరికీ లేదు. అప్పటికి ఎన్నిసార్లు చదివానో ఆ పేజీ. ఆరోజు చదువుతుంటే నాయన గుర్తొచ్చాడు. ఆయన తన మీద తనే కేసు పెట్టుకుని, తనే తీర్పు చెప్పుకుని, తనే శిక్ష వేసుకున్నాడు. అయ్యగారు కొట్టెయ్యడానికి అక్కడ ఎవరి ఫిర్యాదూ లేదు. అయితే ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషి ఒకరున్నారు.

మా సంఘంలో బల్లకు ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక జరుగుతుంది. ఎవరి మనసులోనైనా ఎవరి మీదైనా కోపం ఉంటే అక్కడే లేచి చెప్పాలి. అవతలి మనిషి లేచి జవాబు చెప్పాలి. తప్పుంటే క్షమించమనాలి, ఇవతలివాళ్లు క్షమించినానని పైకి అనాలి. తర్వాత ఇద్దరూ చేతులు కలిపి, మర్నాడు ఒకరి పక్కన ఒకరు కూర్చుని బల్ల తీసుకోవాలి. చేతులు కలిపి కూడా బల్ల మానేస్తే, ఆ సమాధానం బూటకమని సంఘాన్ని అవమానించినట్టు. అలా మానినవాళ్లను నేను ఎరగను. సాధారణంగా అక్కడికి వచ్చేవి చిన్న గొడవలు. మీ కోడి మా గింజలు తినింది, మా బిడ్డ పెళ్లికి పిలిస్తే రాలేదు, చర్చి బయట వందనాలు చెప్తే పలకలేదు. కూతురు తండ్రి మీద లేచిన సంగతి అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పరీక్షకు ముందు ఇచ్చిన సెలవులకు ఇంటికొచ్చాను. నా ఉద్దేశం ఎవరికీ చెప్పలేదు. ఆ నెల బల్లకు ముందు శనివారం ఉదయగిరిలో పెట్రోమాక్సు లైటు కింద చాపలమీద కూర్చున్నాం. మగవాళ్ల వైపు చివర గోడ దగ్గర నాయన. అయ్యగారు అలవాటుగా అడిగారు, ఎవరికైనా ఎవరిమీదైనా ఏమైనా ఉందా అని. కోళ్ల తగాదా ఒకటి తీరింది. ఇంకెవరైనా అన్నారు. లేచాను.

"నాకు మా నాయన మీద ఉండాది."

పక్కనున్న అవ్వ నా పమిట పట్టుకుని కిందికి లాగింది. "కూచోమే, ఏందిది" అని గుసగుసలాడింది. అమ్మ లాగలేదు. నేలవైపు చూస్తూ కూర్చుంది. నేను చెప్పాల్సింది ముందే సిద్ధం చేసుకున్నాను. కోర్టులో చెప్పినట్టు, పొందికగా, రెండు మాటలు. నన్ను అడగకుండా నా పరీక్ష గురించి కృతజ్ఞత చెప్పాడు. నేను ఫెయిలయ్యానని బల్ల మానేశాడు. అంతే చెప్పి కూర్చోవాలి. ఇదంతా ఆయన్ను బల్లకు రప్పించడానికి ఒక ఉపాయం, అంతకుమించి ఏమీ లేదనుకున్నాను. ఆ రెండు మాటలూ అయ్యాక కూడా నా నోరు ఆగలేదు.

"అవును, నేను ఫెయిలైనాను. ఆ దినం నాకు దండ వేసినారు, అప్పటికి ఫలితాలే రాలేదు. ఒక పేపరు అనుమానంగా ఉండాదని నాయనకు ముందే చెప్పినాను. ఆయన వినలేదు. నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయినాది. ఇప్పుడు నేను ఎప్పుడు పాసయితే అప్పుడు బల్ల తీసుకుంటానంటా ఉండాడు. నేను చదివేది నా చదువా, ఆయన విశ్వాసమా? మళ్లీ ఫెయిలయితే ఏం చెయ్యాలి నేను? నాయన మీరనుకునే తప్పేదీ చెయ్యలేదు. చేసిన తప్పు నా విషయంలో చేసినాడు."

ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు. ఉపాయం అనుకున్నది నిజం ఫిర్యాదు అని, నోట్లోంచి వచ్చాకే తెలిసింది.  అందరూ నా వైపు చూసి, తర్వాత మెల్లగా గోడవైపు తలలు తిప్పారు.

నాయన లేచాడు. ఆయన వాదిస్తాడనుకున్నాను. వాదనకు జవాబులు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. లెక్కల మాస్టారు, ఎవరితోనైనా వాదనకు దిగితే గెలిచేదాకా వదలడు. ఆయన చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

"నిజమే" అన్నాడు. "పాప చెప్పినాది నిజమే అయ్యా. చెప్పినప్పుడు నేను వినలేదు. నేను ముందే చెప్పినవన్నీ జరుగుతాయని మీరందరూ అంటా ఉంటే నాకు బాగుండేది. దాని మీద మోజుతో బిడ్డను నిలబెట్టినాను." నా వైపు తిరిగాడు. "నన్ను క్షమించు పాపా."

నాకు పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఫెయిలైనప్పుడు కాదు, దండ వేసినప్పుడు కాదు, అంగట్లో అరిచినప్పుడు కాదు. అంతమంది ముందు మా నాయన నా ముందు తలొంచుకుని నిలబడ్డాడు. నేనే నిలబెట్టాను. గెలిచాను. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. కానీ నియమం ప్రకారం నేను జవాబు చెప్పాలి. అది చెప్పకపోతే ఏదీ తీరదు.

"క్షమించినాను నాయనా" అన్నాను. అది నాకే వినబడలేదు.

ముందు బెంచీలో కూర్చున్న సంఘ పెద్దల్లో ఒకాయనకు చెవుడు. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపళ్లా. గట్టిగా చెప్పు బిడ్డా" అన్నాడు.

కూతురు తండ్రిని క్షమించానని ఒక్కసారి అనడమే చేతకాలేదు. రెండోసారి, గోడలు వినేటట్టు, అందరికీ వినబడేటట్టు అన్నాను. అయ్యగారు మా ఇద్దరి చేతులు కలిపారు. సుద్దముక్కలతో గరుకెక్కిన నాయన వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకుని చిన్నప్పుడు ఈ చర్చి మెట్లెక్కేదాన్ని. ఆ రోజు మాత్రం ఎప్పుడు వదులుతానా అనిపించింది, ఎవరో పరాయి పెద్దమనిషితో చేతులు కలిపినట్టు.  ఇంటికెళ్లాక అన్నం పెడుతూ అవ్వ నాయనతో, "నీకు తగినట్టే పుట్టినాది" అంది. తిట్టో పొగడ్తో తెలియలేదు.

మర్నాడు నాయన నా పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు చివర, గచ్చుమీద, చాప సగం ఆయనకూ సగం నాకూ. పళ్లెం వచ్చింది. ఆయన ఒక గ్లాసు తీసుకుని, పళ్లెం నా వైపు తిప్పాడు. గ్లాసులోది కొంచెం ఆయన చొక్కా మీద చిందింది. ముసలమ్మలు చూసి చూడనట్టున్నారు. చాలా నెలల తర్వాత తాగుతున్నాడు కదా అనుకున్నాను. కారణం అది కాదని నాకు తెలుసు.

చలికాలంలో పరీక్ష రాశాను. ఈసారి ఏ జవాబూ సగంలో వదల్లేదు. ఇంటికొస్తే ఎట్ల రాసినావని నాయన అడగలేదు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు అందరి పేర్లూ పైకి చెప్పేవాడు, అవ్వ మోకాలి నొప్పి, అమ్మ తలనొప్పి, అంగడి సేటు కొడుకు ఉద్యోగం. నా పేరు దగ్గరకొస్తే ఆగి, లోపలే ఏదో అనుకుని ముందుకెళ్లేవాడు. నన్ను అడగకుండా నా గురించి దేవుడితో కూడా మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాడేమో. నేను గెలిచిన ఫిర్యాదును ఆయన అంత అక్షరాలా పాటించాడు. ఆ మౌనం భరించడం నాకు కష్టమైంది. పైకి ప్రార్థించు నాయనా అని నేనెందుకు అనలేదో ఇప్పటికీ తెలియదు. సిగ్గే అయి ఉంటుంది.

ఫలితం వచ్చింది. పాసయ్యాను. ఈసారి ఫోనులో అరవలేదు, మెల్లగా అడిగి మెల్లగా విన్నాను. సేటు మిఠాయి పొట్లం చేతికిచ్చి పంపాడు. ఆ తర్వాతి మొదటి ఆదివారం ఉదయగిరి చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. చర్చి అంతా నాయన లేస్తాడనే చూస్తోంది. నేను కూడా చూస్తున్నాను. ఆయన తిరిగి పెద్దల బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఉన్నచోట లేచి మాట్లాడలేదు. బెంచీ మీంచి దిగి, మగవాళ్ల వరసల మధ్యగా, తలొంచుకుని ఆడవాళ్ల వైపు వచ్చాడు. నా చాప దగ్గర వంగి, బడిపిల్లవాడు మాస్టారును అడిగినట్టు, చిన్న గొంతుతో అడిగాడు.

"చెప్పమంటావా పాపా?"

 తలూపాను. ఆయన అక్కడే, ఆడవాళ్ల మధ్యే నిలబడి, మా పాప పాసయింది, దేవునికి స్తోత్రం అని ఒక్క మాట చెప్పి, ఇంకేమీ కలపకుండా, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.